అతుకు పక్కన గీత

పోయిన వారం మనం జ్ఞానప్రసూనను హౌరా పక్కన లిలువాలో ఉన్న కార్ఖానా గేటు బయట వదిలాం. అన్ని పరీక్షలూ దాటి, లారీల సమ్మె వల్ల షెడ్డులోనే ఉండిపోయిన ఒక రాకెట్టు గొట్టాన్ని పంపేముందు ఎందుకో ఆమెకు మరోసారి చూడాలనిపించింది. ఎర్రరంగు నీళ్లు పూసి, తుడిచి, పైన తెల్లపొడి చల్లింది. కిందటి నెలలో లేని గీత ఒకటి, వెంట్రుకంత సన్నంగా, ఆ పొడి మీద ఎర్రగా తేలింది. గొట్టం మీద కిందటి నెల తను వేసిన ముద్రను కొట్టేసి, ఇంటూ గుర్తు వేసి, ఇది పనికిరాదని చెప్పేసింది. యజమాని నీరద్ హాల్దార్ వాదించలేదు. రేపు పొద్దున ఆ గుర్తు మీ చేత్తో మీరే చెరుపుతారు మేడమ్, అని మాత్రం నవ్వుతూ అన్నాడు.

అరిచినా బాగుండేది. ఆ నవ్వే ఆమెను రాత్రంతా పీడించింది.

తెల్లారి మొహం కడుక్కుందామని కుళాయి దగ్గరకు వస్తే, ఇంటి వాకిట్లో మహాలక్ష్మమ్మ సిద్ధంగా ఉంది. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లకు ఎదురుగా ఉన్న ఆ చిన్న మేడ ఆమెది. భర్త గూడ్సు గార్డుగా చేసి పోయాడు. పైగది ప్రసూనకు అద్దెకిచ్చింది. మంచి మనిషే. అడగకుండానే పులుసూ, పచ్చడీ పైకి పంపుతుంది. కాని మొన్న ఏప్రిల్‌లో మన దేశం మనిషి ఒకాయన రష్యావాళ్లతో కలిసి అంతరిక్షంలోకి వెళ్లొచ్చిన దగ్గర్నుంచి ఆమెకు రోజుకో సందేహం పుడుతోంది. ఆ సందేహం ప్రసూన నోట్లో పళ్లపొడి ఉన్నప్పుడే పుడుతుంది.

"అమ్మాయ్, అక్కడ నీల్లు కిందకి పడవట గదా. మరాల్లు తానం ఎలాగ సేస్తారు?"

చెయ్యరండీ, తడిగుడ్డతో తుడుచుకుంటారు, అంది ప్రసూన, పుక్కిలించి.

"అన్ని దినాలూ? తానం లేకండా?" మహాలక్ష్మమ్మ బుగ్గ మీద వేలు పెట్టుకుంది. తర్వాత గొంతు తగ్గించి, మరి దొడ్డికి వెళ్లడం ఎలాగని అడిగింది. ఇది ఆమె అడగడం మొదటిసారి కాదు. గాలితో లాగేసే గొట్టం ఉంటుందని ప్రసూన ఎన్నిసార్లు చెప్పినా, ఆమెకు నమ్మకం కుదరక, వేరే జవాబు ఏమైనా వస్తుందేమోనని మళ్లీ మళ్లీ అడుగుతుంది.

తను పనిచేసేది మనుషులెక్కే రాకెట్లతో కాదని ప్రసూన చెప్పి చెప్పి విసిగిపోయింది. పై గాలిలో వేడి ఎంత, ఒత్తిడి ఎంత అని కొలిచే పరికరాలను మోసుకుపోయే చిన్న రాకెట్లవి. పైకి లేచి, కాసేపు కొలిచి, సముద్రంలో పడిపోతాయి. వాటిలో మందు దట్టించే ఉక్కు గొట్టాలు లిలువాలో తయారవుతాయి. అవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ముద్ర వెయ్యడం ఆమె ఉద్యోగం. ఆమె భర్త జానకిరామ్ అదే సంస్థలో, నెల్లూరు జిల్లా తీరాన, ఆ రాకెట్లను పైకి పంపే బృందంలో ఉన్నాడు. పెళ్లైన నాటి నుంచి ఇద్దరిదీ చెరో ఊరు. ఆమె ముద్ర వేసినవి అతని చేతికి వెళతాయి. వాళ్ల సంసారం ప్రస్తుతానికి అంతే.

లోకల్ రైలు అలవాటు ప్రకారం టికియాపారా దగ్గర సిగ్నలు లేక ఆగిపోయింది. ఫ్యాను తిరగడం లేదు. లేడీస్ పెట్టెలో అందరికీ ఆమె 'రాకెట్ దిది', అంటే రాకెట్ అక్క. ఒక స్కూలు టీచరమ్మ, చెమట తుడుచుకుంటూ, గాలే లేనిచోట రాకెట్టు దేన్ని తోసి ముందుకు వెళుతుందో ఇవాళ తేల్చి చెప్పమంది. క్లాసులో పిల్లలు అడిగారట.

దేన్నీ తోయక్కర్లేదని చెప్పింది ప్రసూన. గంగలో చిన్న పడవ మీంచి గట్టుకు దూకితే పడవ వెనక్కి పోతుంది కదా, అక్కడ పడవను తన్నింది మీ కాలే గాని గాలి కాదు కదా, రాకెట్టు కూడా తన కడుపులోని పొగను వెనక్కి తన్ని తను ముందుకు పోతుంది, అంది. మరి గాలి లేకుండా లోపల మంట ఎలా మండుతుందని పక్కావిడ అందుకుంది. మంటకు కావలసిన ప్రాణవాయువు మందులోనే కలిపి పెడతారని చెప్పింది. అయితే పైకి వెళ్లినవాళ్లు కిందకు ఎందుకు పడరని ఇంకొకావిడ అడిగింది. పడుతూనే ఉంటారండీ, భూమి గుండ్రంగా వంగిపోతూ ఉంటుంది కాబట్టి ఎంత పడినా నేల తగలదు, అంది ప్రసూన. అలాగైతే తేలుతున్నారని పేపర్లో ఎందుకు రాశారని ఆవిడ నిలదీసింది, పేపరు రాసింది ప్రసూనే అన్నట్టు.

రైలు కదిలింది. హౌరాలో దిగి, ఆ జనంలో అటు నుంచి ఇటు ఈది, లిలువా బండి ఎక్కేసరికి చీర కుచ్చిళ్లు ఎవరో తొక్కేశారు. చెప్పు పట్టీ కూడా ఊడింది. ఆ చెప్పును ఈడ్చుకుంటూ కార్ఖానాలోకి అడుగుపెట్టింది.

లోపల నిశ్శబ్దంగా ఉంది. కరెంటు లేదు. కరెంటు లేకపోతే యంత్రాలుండవు, యంత్రాలు లేకపోతే పనుండదు, పని లేకపోతే కార్ఖానా మొత్తం ఎక్కడ ఏం జరుగుతుంటే అక్కడికి చేరుతుంది. ఇవాళ అందరూ ఆ గొట్టం చుట్టూ చేరారు.

గొట్టం మీద ఇంటూ గుర్తు లేదు. నిన్న గీత కనిపించిన చోట ఉక్కు కొత్త గిన్నెలా తళతళలాడుతోంది. పగుల్ని తొలిచి, కరిగించిన లోహంతో పూడ్చి, పైన నున్నగా సానపట్టారు.

చూసుకోండి మేడమ్, అన్నాడు హాల్దార్. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లివారికి ఎదురొచ్చినట్టు నిలబడ్డాడు. మీ రంగూ, మీ పొడీ మీరే వేసుకోండి. గీత కనబడితే నేనేమీ అనను. కనబడకపోతే ముద్ర వెయ్యండి. లారీ గేటు దగ్గరే ఉంది.

గొట్టాన్ని కాల్చి, నూనెలో ముంచి, గట్టిపరిచిన తర్వాత దానికి అతుకు వెయ్యకూడదని ఆర్డరులో మొదటి పేజీలోనే ఉంది. ఆ సంగతి ఆమె ఇంగ్లీషులో ఒకసారి చెప్పింది, తనకొచ్చిన బెంగాలీలో ఒకసారి చెప్పింది. ముందు చూడండి, అన్నాడతను రెండుసార్లూ. మొండికి పోవడం ఎందుకని రంగు పూసింది. తుడిచింది. పొడి చల్లింది. గీత రాలేదు. చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఉక్కు లోపలికి చూసే యంత్రమైతే అసలు సంగతి చెప్పేది. దానికి కరెంటు కావాలి.

నేను ముద్ర వెయ్యను, అంది ప్రసూన.

అప్పుడు హాల్దార్ నవ్వు మానేశాడు. ఆమెతో కాదు, తన మనుషులతో మాట్లాడాడు. ఈ ఆర్డరు పోతే సంస్థ మన పేరు కొట్టేస్తుంది, వేరే ఆర్డర్లు ఎలాగూ లేవు, దసరా పూజలకు ముందే లాకౌట్ చేయక తప్పదు, అప్పుడు నన్ను అనకండి, ఈ మేడమ్‌ను అనండి, అన్నాడు. చెప్పేసి ఆఫీసు గదిలోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత జరగాల్సింది ఎవరూ నేర్పకుండానే జరిగిపోయింది. కొందరు వెళ్లి గేటు వేశారు. ఎర్రజెండా ఒకటి ఎక్కణ్నుంచో వచ్చింది. ముద్ర పడేదాకా దిది బయటికి వెళ్లేది లేదన్నారు. హౌరాలో ఘెరావ్ కొత్తేం కాదు. మొన్నటిదాకా యజమానుల్ని ఇలా కూర్చోబెట్టేవాళ్లు, ఇవాళ యజమాని తరఫున ఆమెను కూర్చోబెట్టారు. ఆ తేడా వాళ్లలో ఎవరికీ తట్టకపోవడం ప్రసూనకు ఒళ్లు మండించింది.

గవరయ్య వస్తే గాని ఇది తేలదని ఆమెకు తెలుసు. గవరయ్య కార్ఖానాలో పెద్ద వెల్డరు, యూనియన్‌లో ఉపాధ్యక్షుడు. పలాస దగ్గరి ఊరివాడు. మీసాలు రాకముందే లిలువా వచ్చి ఇక్కడే ముసలివాడయ్యాడు. ప్రసూన వచ్చిన కొత్తలో ఈ షెడ్డులో ఆడమనిషిని చూసి మగాళ్లు వెకిలి కూతలు కూస్తుంటే, ఒక్క కేకతో అందరి నోళ్లూ మూయించింది అతనే. ఆదివారాలు ఇంటికి పిలిచి భార్య తవిటమ్మ చేత అన్నం పెట్టించేవాడు. ఆమె అతన్ని బాబాయ్ అని పిలుస్తుంది.

గవరయ్య వచ్చి ఆమె ఎదురుగా ఇనప దిమ్మ మీద కూర్చున్నాడు. మొహం చూస్తేనే తెలిసింది, అతనికి కోపంగా ఉంది.

"ఏటమ్మా, నా అతుకు నీకు నచ్చలేదేటి?"

"రాత్రి దీన్ని అతికింది మీరా బాబాయ్?"

"నాను కాపోతే ఇంకెవులు? ఈ పని సేతనైనోడు ఇక్కడ ఇంకోడున్నాడేటి?" వంతెనలకు అతికాననీ, వేగన్లకు అతికాననీ, బాయిలర్లకు అతికాననీ, ఒక్కటంటే ఒక్కటి ఊడిందని ఎవరూ అనలేదనీ గవరయ్య చెప్పుకొచ్చాడు. అతను చెబుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు, తెలుగు రానివాళ్లు కూడా, తలలూపారు. ఆ చేతికి లిలువాలో ఉన్న పేరు అలాంటిది.

"మీ అతుకు ఊడదు బాబాయ్," అంది ప్రసూన. "దాని పక్కది పగులుతుంది."

అతనికి అర్థం కాలేదు. ఆమె తెల్లపొడిని చేత్తో తుడిచేసి ఆ చోటు చూపించింది. ఈ ఉక్కు మెత్తగా ఉన్నప్పుడు అతికితే ఏమీ కాదు. కాల్చి గట్టిపరిచిన తర్వాత దీనికి మంట తగిలితే, కరిగినంత మేరా బాగానే ఉంటుంది, దాని అంచున వేడెక్కి చల్లారిన చోటు మాత్రం గాజులా పెళుసైపోతుంది. పైగా తేమలోంచి కొంత వాయువు లోపలికి దూరి, కూర్చుని, మెల్లగా తొలుస్తుంది. ఇవాళ చూస్తే ఏమీ ఉండదు. నీళ్లు నింపి ఒత్తిడి పెట్టినా తట్టుకుంటుంది. కొన్నాళ్ల తర్వాత, ఎవరూ ముట్టకుండానే, మూల పడి ఉన్నచోటే పగులుతుంది. అతుకు మీద కాదు, అతుకు పక్కన.

ఆ చివరి మాట అంటుండగానే ఆమెకు నిన్నటి గీత గుర్తొచ్చింది.

కిందటి నెల ఇదే గొట్టాన్ని ఇదే రంగుతో చూసింది. గీత లేదు. నీటి ఒత్తిడి పెట్టింది. చెమ్మ కూడా రాలేదు. నిన్న వచ్చింది. ఎవరూ ముట్టకుండా మూల పడి ఉన్న గొట్టానికి గీత ఎక్కణ్నుంచి వచ్చింది? ఆ చోట అసలు అతుకే ఉండకూడదు కదా?

"బాబాయ్, ఇక్కడ ఇంతకుముందు కూడా ఏమైనా చేశారా?"

గవరయ్య ఆఫీసు గది వైపు చూశాడు. హాల్దార్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పనికిమాలిన మాటలెందుకని అక్కణ్నుంచే బెంగాలీలో అరిచాడు. ఆ అరుపు లేకపోతే గవరయ్య చెప్పేవాడో లేదో. తన పని గురించి తనను మాట్లాడొద్దని ఇంతమందిలో అనేసరికి అతనికి రోషం వచ్చింది.

"సేసాను. గట్టిపరిసి తెచ్చినాక అక్కడ సిన్న గుంట అవుపడ్డాది. మినప గింజంత. హాల్దార్ బాబు పూడ్సీమన్నాడు, పూడ్సీసినాను. అందులో దాపరికం ఏటున్నాది? ఆ తరవాత నువ్వే సూసినావు. నీల్లు పెట్టి ఒత్తినావు. బాగున్నాదని ముద్ర కొట్టినావు. అప్పుడు బాగున్నది ఇప్పుడు సెడిపోనాదంటే నానేటి సేసేది?"

"ఇదొక్కటేనా?"

"ఒక్కటేటి. రెండిటికీ ఉన్నాది గుంట. ఒక్క పూటే కూకుని రెండూ పూడ్సీసినాను."

ప్రసూన మనసులో లెక్క వేసుకుంది. దీనితోపాటే తయారైన ఆ రెండో గొట్టం లారీల సమ్మెకు ముందే స్టేషనుకు చేరి రైల్లో వెళ్లిపోయింది. ఈపాటికి అందులో మందు దట్టించి ఉంటారు. ఈ నెలలో ఎప్పుడో పైకి పంపుతామని జానకిరామ్ ఉత్తరంలో రాశాడు. అతను మొదటిసారి స్వయంగా బాధ్యత తీసుకున్న ప్రయోగం అది. దాని మీద ఆమె ముద్ర ఉంది. ఈ గొట్టం పగిలిందంటే, అదే చేత్తో, అదే పూట అతికిన ఆ గొట్టం కూడా ఈపాటికి పగిలి ఉండాలి. వెలిగించేటప్పుడు మనుషులంతా కాంక్రీటు గోడల వెనక ఉంటారు, నిజమే. మండుతూ బద్దలైన ఉక్కు ఏ ముక్క ఎటు పోతుందో చెప్పగలిగినవాడు ఎవడూ లేడు.

ఆమె లేచి ఆఫీసు గదికి నడిచింది. ఊడిన చెప్పు అక్కడే వదిలేసింది. ఫోను కావాలంది. ఫోను పని చెయ్యడం లేదన్నాడు హాల్దార్. ఆమె వెనకే వచ్చిన గవరయ్య ఏమీ అనకుండా రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, ఆమె చేతికిచ్చాడు. అది భేషుగ్గా మోగుతోంది. తర్వాత అతను గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. హాల్దార్ అతన్నీ, స్టూలునూ చూసి, తన కుర్చీలో కూలబడ్డాడు.

ట్రంకు కాల్ బుక్ చెయ్యడమంటే ఎంత సహనం కావాలో ఫోను పట్టుకున్న ప్రతివారికీ తెలుసు. అర్జంటు కంటే అర్జంటు, లైట్నింగ్ కాల్ కావాలంది ప్రసూన. ఏ ఊరని అడిగింది ఆపరేటరు. నెల్లూరు జిల్లా అని, ఊరూ నంబరూ చెప్పింది. వెల్లూరా, అంది ఆపరేటరు. కాదు, నెల్లూరు. అదే కదా వెల్లూరు, ఆసుపత్రి ఉంటుంది. కాదమ్మా, ఆసుపత్రి లేదు, సముద్రం ఉంటుంది. ఒక్కో అక్షరం విడమరిచి చెప్పింది. కాసేపటికి ఫోను మోగింది. అవతల ఎవరో తమిళంలో పలికారు. ప్రసూన కళ్లు మూసుకుని, రిసీవరు పెట్టేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

ఆ ఎదురుచూపులో హాల్దార్ తనంతట తనే మాట్లాడాడు. నేను దుర్మార్గుణ్ని కాదు మేడమ్, అన్నాడు. కొలిమి వేడెక్కేసరికి కరెంటు పోతుంది, మళ్లీ వచ్చేసరికి లోపలున్న సరుకంతా పాడు. గుంటలు పడవా మరి? మీరేమో ఒక్క గుంటకు గొట్టం మొత్తం పారెయ్యమంటారు. మీ సంస్థ నాకు కొత్త ఉక్కు ఇస్తుందా? నాన్న పెట్టిన కార్ఖానా, నా చేతుల్లో మూతపడమంటారా? అతని గొంతులో నిజమే ఉంది. ఆ నిజం వల్ల ఆమె చిరాకు ఇంకా పెరిగింది. ఇవన్నీ ఆ రోజే ఆమెకు చెప్పి ఉండవచ్చు కదా. చెప్పి ఉంటే ఇద్దరూ కలిసి సంస్థకు ఏదో ఒకటి రాసేవాళ్లు.

గవరయ్య గుమ్మంలోంచి అడిగాడు. ఇప్పుడు అతని గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"అలాంటప్పుడు ఆ గొట్టం మందంగా సెయ్యొచ్చు గదమ్మా. వేగనుకి ఏసినట్టు దిట్టమైన రేకు ఏసీస్తే ఏ గుంటా ఏటీ సెయ్యదు గదా."

పొద్దుట్నుంచి ఎందరో ఎన్నో అడిగారు. ఆమెకు విసుగు రానిది ఈ ఒక్కదానికే.

"వేగన్ని లాగడానికి ఇంజనుంది బాబాయ్. రాకెట్టును లాగేవాళ్లెవరూ లేరు. తన బరువు తనే మొయ్యాలి. ఆ బరువులో ముప్పాతిక మందే. గొట్టం మందంగా చేశామనుకోండి, దాన్ని లేపడానికి ఇంకాస్త మందు కావాలి, ఆ మందు పట్టడానికి ఇంకా పెద్ద గొట్టం కావాలి. చివరికి అది నేల మీంచే లేవదు. అందుకని పగలకుండా ఎంత పల్చగా చెయ్యొచ్చో అంత పల్చగా చేస్తాం. మిగులు ఉంచం. వేగన్లో మీ అతుక్కి పక్కన బోలెడంత మిగులు ఇనుముంటుంది, అది కాస్తుంది. ఇక్కడ కాసేదేమీ లేదు."

గవరయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. కాలిన మచ్చలతో నల్లబడిన వేళ్లు. మిగులు లేదన్నమాట, అని తనలో తను అనుకున్నాడు. ఈ మాట ఇన్నాళ్లూ తనకెవరూ చెప్పలేదన్నాడు. చెప్పాల్సింది తనేనని ప్రసూనకు తట్టింది. ఊళ్లో వాళ్లందరికీ స్నానాల గురించీ, పడవల గురించీ చెప్పింది. గొట్టాన్ని చేత్తో చేసే మనిషికి చెప్పలేదు.

ఫోను మోగింది. ఈసారి తెలుగు.

అవతల త్యాగరాజు. జానకిరామ్‌కు పైఅధికారి, నెమ్మదైన మనిషి. గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. జానకిరామ్ ఏడని అడిగింది. లాంచరు దగ్గర ఉన్నాడమ్మా, అన్నాడాయన. రెండు వారాలుగా మబ్బులు చంపుకు తిన్నాయి, ఇవాళ ఆకాశం తేటపడింది, అందుకని ఇవాళే పంపేస్తున్నాం, ఇంకెంతోసేపు లేదు, ఏమిటి సంగతి?

ఆమె చెప్పింది. గొట్టం సంఖ్య చెప్పింది. గట్టిపరిచిన తర్వాత అతికారని చెప్పింది. దాని జోడీ గొట్టం ఇక్కడ పగిలిందని చెప్పింది. మధ్యలో లైను గరగరలాడితే మళ్లీ చెప్పింది.

"మా కుర్రాళ్లలో ఒకతనికి నిన్ననే అనుమానం వచ్చిందమ్మా," అన్నాడు త్యాగరాజు. "ఆ చోట మెరుపు తేడాగా ఉంది, ఇంకోసారి చూద్దామన్నాడు. జానకిరామ్ అక్కర్లేదన్నాడు. మా ఆవిడ రెండుసార్లు చూస్తే గాని ముద్ర వెయ్యదు, ప్రసూన చూసిందంటే ఇంక మనం చూడక్కర్లేదన్నాడు."

పెళ్లైన నాటి నుంచి జానకిరామ్ ప్రసూన ముందు ఆమెను మెచ్చుకుంటూ ఒక్క మాట అన్నది లేదు. అన్నాడని ఇవాళ, ఇలా, ఇంకొకరి నోట తెలిసింది.

త్యాగరాజు మళ్లీ మాట్లాడాడు. ఇప్పుడు ఆపాలంటే కారణం చెప్పాలమ్మా. మందు నింపిన గొట్టాన్ని దించడమంటే మాటలు కాదు, పైనుంచి అడుగుతారు. ఫోన్లో ఎవరో అనుమానపడ్డారంటే సరిపోదు. "ఆ ముద్ర తప్పని మీరే ఒప్పుకుంటున్నారని చెప్పమంటారా? బాగా ఆలోచించుకుని చెప్పండి. మళ్లీ వెనక్కి తీసుకోలేరు."

ఆలోచించడానికి ఏమీ లేదు. ఉద్యోగం పోవచ్చు. పోకపోయినా ఇంకెవరూ ఆమె ముద్రను నమ్మరు. అక్కడ నలుగురిలో జానకిరామ్ తల వంచుకోవాలి.

"చెప్పండి," అంది. "ఆ ముద్ర తప్పు. దాన్ని వెలిగించొద్దు. జానకిరామ్‌ను అక్కణ్నుంచి వచ్చెయ్యమనండి."

జవాబు లేదు. విన్నారా, అంది. మళ్లీ అంది. రిసీవరులో గరగర కూడా లేదు. ఎప్పుడు తెగిందో లైను, ఆమె ఏ మాట దగ్గర ఉండగా తెగిందో తెలియదు. ఆపరేటరును పిలిచింది. దక్షిణం వైపు లైన్లన్నీ పోయాయి, ఎప్పుడొస్తాయో చెప్పలేను, అంది ఆపరేటరు. ఆవిడ గొంతులో కాస్తంత బాధ కూడా లేదు.

"ఇన్నాడేటి?" అన్నాడు గవరయ్య.

"తెలీదు బాబాయ్." ఆమె రిసీవరును ఠపీమని పెట్టేసింది. ఏడుపు కంటే కోపమే ఎక్కువ ఉంది అందులో. "టెలిగ్రాం ఇవ్వాలి. పోస్టాఫీసుకు వెళ్లాలి. ఇప్పుడే."

ఇద్దరూ బయటికొచ్చారు. గేటు ముందు నేల మీద వరసగా కూర్చున్నారు మనుషులు. వాళ్లను అక్కడ కూర్చోబెట్టింది యూనియన్. యూనియన్ అంటే వాళ్లకు గవరయ్య దాదానే. హాల్దార్ కూడా లేచి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

గేటు తియ్యండి, దిదిని పోనివ్వండి, అన్నాడు గవరయ్య బెంగాలీలో.

ఎవరూ లేవలేదు. ముందు వరసలో ఉన్న పడుచువాడు, గవరయ్య చేతి కింద పని నేర్చుకున్నవాడే, తల ఎత్తి మర్యాదగానే అడిగాడు. ముద్ర పడిందా దాదా? పడలేదన్నాడు గవరయ్య. మరెందుకు తియ్యాలి, అన్నాడు వాడు. మీ అతుకులో వంక పెట్టిన మనిషిని మీరే ఎందుకు పొమ్మంటున్నారు?

షెడ్డులో ఉన్నవాళ్లంతా గుమ్మం దాకా వచ్చేశారు. గవరయ్య ఒకసారి ప్రసూన వైపు తిరిగి చూశాడు. తర్వాత తువ్వాలు భుజం మీంచి తీసి, మొహం తుడుచుకుని, వాళ్లకు ఎదురుగా నిలబడ్డాడు.

"ఎందుకో సెప్తాను, ఇనండి," అన్నాడు తెలుగులో. తర్వాత తెలుగులో అన్నానని గుర్తొచ్చి, ఆగి, మిగులు లేదన్న మాట బెంగాలీలో ఎలా అనాలో వెతుక్కుంటూ నోరు తెరిచాడు.